నాలుగూ పన్నెండుకి లైన్ క్లియర్

ఏడో నంబరు పేషెంటు లెక్క చూసి హైమ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అద్దాల తప్పేమీ లేదు. నెల రోజుల్లో ఇరవై ఆరు రీబూట్లు, అంటే యంత్రం కూలి మళ్లీ లేవడాలు.

కమిటీ ఒప్పుకునేది నెలకి మూడు. మూడు దాటితే ఆ యంత్రం తలలో ఉండటానికి తగదని రాసి, పేషెంటుని మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కించి, దాన్ని తీసేస్తారు. నియమం మంచిదే, పేషెంట్ల మేలు కోరి పెట్టిందే. దానికి తలూపిన వాళ్లలో హైమ కూడా ఉంది. కాకపోతే అప్పటికి ఏడో నంబరు పేషెంటు ఆమె మావగారు కాదు.

ఆయన పేరు బోని పైడిరాజు. విజయనగరం పక్కన సబ్‌స్టేషన్లో ముప్పై మూడేళ్లు పనిచేశాడు. మొదట్లో స్తంభాలెక్కే లైన్‌మన్, తర్వాత షిఫ్టు ఆపరేటరు. రిటైరైన రెండో ఏట ఒక పొద్దున్న పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ నెల తిరక్కుండా దారికొచ్చాయి గానీ మాట పోయింది. ఏం చెప్పాలో తెలుసు, చెప్పడానికి మాట దొరకదు. మంచినీళ్లు కావాలంటే గ్లాసు చూపించేవాడు, కోపమొస్తే గ్లాసు విసిరేసేవాడు. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. అవి మెదడులో వేరే చోట ఉంటాయట. టైమెంతయిందంటే కాగితం మీద గంటా నిమిషాలూ ఠకీమని రాసి చూపించేవాడు.

అప్పటికే హైమ పనిచేస్తున్న విశాఖ ప్రయోగశాలలో ‘వారధి’ తయారైంది. పెసర గింజంత వస్తువు. మెదడులో మాట పుట్టే చోటికీ నోటిని కదిపే చోటికీ మధ్య దారి తెగితే, ఆ తెగిన చోట దాన్ని కూర్చోబెడతారు. మనిషి ఏదో అనబోతున్నాడని పసిగట్టి, అక్కడికి సరిపోయే మాట అది అందిస్తుంది, నోరు పలుకుతుంది. మొత్తం పదకొండు మందికి పెట్టారు. ఏడోవాడు పైడిరాజు.

పెసర గింజ మాటలు అందించి ఊరుకోదు. తను చేసిన ప్రతి పనినీ క్షణక్షణం ఒక్కో వరుసగా రాసి, పేషెంటు మొలకి కట్టుకున్న చిన్న పెట్టెలోకి గాలిలోంచే పంపుతుంది. దాన్నే లాగ్ అంటారు. ఆ వరుసల మధ్య ఎక్కడైనా యంత్రం ఆగి మళ్లీ లేస్తే ‘తిరిగి మొదలు’ అని అటూ ఇటూ గీతలతో ఒక గుర్తు పడుతుంది. అయితే ఆగడంలో రెండు రకాలు. పద్ధతిగా ఆగే యంత్రం, కొట్టు కట్టేసి తాళం వేసుకుని ఇంటికెళ్లే షావుకారు లాంటిది. ‘ఆపుదల మొదలు’, ‘ఆపుదల పూర్తి’ అని రాసి మరీ కళ్లు మూస్తుంది. కూలిపోయే యంత్రానికి అంత తీరిక ఉండదు. రాస్తూ రాస్తూ మధ్యలో పోతుంది, ఆ తర్వాత ‘తిరిగి మొదలు’ కనిపిస్తుంది.

ఈ రెండిటినీ విడదీసి లెక్కపెట్టే ప్రోగ్రాము హైమే రాసింది. గుర్తుకి ముందున్న వరుసలు చూడు, ‘ఆపుదల పూర్తి’ ఉంటే సరే, లేకపోతే కూలినట్టు రాసుకో అని దానికి చెప్పింది. మావగారి లాగ్‌లో ఇరవై ఆరు గుర్తులకీ ముందు ‘ఆపుదల’ అన్న ఊసే లేదు.

“చూశావా?” అన్నారు వెనకనుంచి డాక్టర్ సోమయాజులు. వారధిని కనిపెట్టిన మనిషి. అరవై దాటాయి, ఇప్పటికీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతారు. “సోమవారం కమిటీ ఉంది. కమిటీ పెద్దావిడ ముందు ఈ అంకె పెడితే మారుమాట లేకుండా తీసెయ్యమంటుంది.”

“తీసేస్తే మళ్లీ మాట పోతుంది సార్.”

“పోతుంది. అందుకే ఒకటి ఆలోచించాను. పడిపోకుండా ఆపలేం గానీ, పడిన వెంటనే లేపగలం కదా? ఒక కాపలా ప్రోగ్రాము పెట్టు. ఆగిందని తెలిసిన రెండో సెకనుకల్లా దాన్ని లేపెయ్యాలి. అలా నాలుగు రోజులు నిలబడిందంటే కమిటీకి చెప్పుకోడానికి మనకో ముక్క ఉంటుంది.”

“ఇప్పుడు అది తనంతట తానే లేస్తోంది కదా సార్. మెదడు అర నిమిషం నిదానంగా ఉందని చూసుకుని...”

“పది నిమిషాలు పడుతోందమ్మా దానికి. పదేసి నిమిషాలు ఆ మనిషి మూగవాడై కూర్చుంటున్నాడు, రోజూ. నీ ఇంట్లో మనిషేగా, నీకు లేని బాధ నాకెందుకు?” అని నవ్వి, వెంటనే వేలు చూపించారు. “ఆయన్ని మాత్రం ఏమీ అడక్కు. లాగ్ చదివేవాళ్లు పేషెంటుతో లాగ్ సంగతి మాట్లాడకూడదు. సంతకం పెట్టావు.”

హైమ తలూపింది. ఆ సంతకం పెట్టిన రోజున అదంత పెద్ద విషయమని ఆమెకి తోచలేదు.

* * *

సాయంత్రం హైమ విజయనగరంలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మావగారు వీధరుగు మీద పేపరు చదువుతున్నాడు. అంటే, చదవలేడు గానీ బొమ్మలు చూస్తాడు.

“హైమా, కార్యాలయం నుండి ఇప్పుడే విచ్చేశావా? అలసట చెందినట్లు కనిపిస్తున్నావు,” అన్నాడు.

“అవును మావా.”

“కాసేపు విశ్రాంతి తీసుకో. తేనీరు సిద్ధంగా ఉన్నది.”

లోపల్నుంచి అత్తగారు నరసమ్మ కాఫీ గ్లాసుతో వచ్చింది. “ఇన్నావేటే అమ్మా? తేనీరంట. ఇంట్లో టీ పొడి నేదు, పెట్టింది కాఫీ,” అంది.

వారధికి నేర్పిన తెలుగు అంతా వార్తల్లోంచి, పుస్తకాల్లోంచి తీసింది. పైడిరాజు లోపల ‘నీల్లు’ అనుకుంటే నోరు ‘మంచినీరు’ అంటుంది. ‘ఒలే’ అని పెళ్లాన్ని పిలవబోతే ‘నరసమ్మగారూ’ అని వస్తుంది. మొదటి నెల ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వాడు. హైమ భర్త సింహాద్రి గూడ్సు బండి గార్డు. డ్యూటీ నుంచి వచ్చినప్పుడల్లా తండ్రి చేత ఒక పూట వార్తలు చదివించుకుని మరీ పడుకునేవాడు. ఏడాదిన్నర మూగబోయిన ఇంట్లో ఎలాంటి మాటైనా మాటే. ఆ ఇల్లు అప్పట్నుంచీ సుఖంగా ఉందని హైమ ఎవరికైనా ఒట్టేసి చెబుతుంది.

నరసమ్మ మాత్రం ఈ మధ్య అంత నవ్వడం లేదు.

“మంచోడే. ఏటన్నా అడిగితే సెప్తాడు, మర్యాదిత్తాడు,” అంది ఆ రాత్రి అన్నాలు వడ్డిస్తూ కోడలికి మాత్రమే వినబడేట్టు. “కానీ నలబయ్యేల్లు కాపరం సేసినాను, ఈయన నన్ను తిట్టి తొమ్మిది నెల్లయింది. నాకేటో పరాయోడి ఇంట్లో వొండి పెడతన్నట్టుంటాది.”

హైమకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. యంత్రం పోతే ఈ పరాయివాడు కూడా ఉండడని అత్తకి చెప్పలేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రయోగశాలలో కూర్చుని, కాపలా ప్రోగ్రాము రాయడం పూర్తిచేసి, డాక్టరుగారి చేత సరేననిపించుకుని, మావగారి పెట్టెకి తన చేత్తోనే పంపించింది. పంపాక గుండె తేలికపడింది. ఆయన మాటని ఎలాగైనా నిలబెట్టాలి, అంతకు మించి ఆమెకి ఆ వారం వేరే కోరిక లేదు.

నాలుగుంపావుకి ఫోను మోగింది.

“హైమా, మీ మావ పడిపోనాడు,” అంది నరసమ్మ. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, అదే హైమని ఎక్కువ భయపెట్టింది. “నోట్లోంచి రగతం. కల్లు తేలేసినాడు. అమ్మాజీ కొడుకు ఆటో తెస్తన్నాడు.”

* * *

రోజూ నాలుగు నుంచి నాలుగున్నర దాకా నరసమ్మ పక్కింటి అమ్మాజీ దగ్గర సీరియల్ చూస్తుంది. ఆ బుధవారం సీరియల్ మధ్యలో కరెంటు పోవడంతో తిరిగొచ్చేసింది. వచ్చేసరికి పెరటి గదిలో కుర్చీ పక్కన పైడిరాజు కింద పడి కొట్టుకుంటున్నాడు. నాలుక పంటి కింద పడి తెగింది.

హైమ ఆసుపత్రికి చేరేసరికి ఫిట్స్ తగ్గాయి. నాలుకకి మూడు కుట్లు పడ్డాయి. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“నాకు ప్రాణాపాయం ఏమీ లేదు. మీరెవరూ ఆందోళన చెందవద్దు,” అన్నాడు, కుట్ల మధ్య నుంచి ముద్దముద్దగా. అంతలో కోడల్ని చూశాడు. గది బయట ఎవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూశాడు. “హైమా, ఒక్క విషయం చెప్పు. విద్యుత్ సరఫరాను పునరుద్ధరించినది ఎవరు?”

“ఎక్కడ మావా? వీధిలో కరెంటు వచ్చేసిందట.”

“వీధిలో కాదు,” అన్నాడాయన. ఇంకేదో చెప్పబోయాడు, నర్సు వచ్చి మాట్లాడొద్దంది.

నరసమ్మ రక్తం మరకలైన చొక్కా మడిచి హైమ చేతికిచ్చి, ఇంటికెళ్లి నానబెట్టి రమ్మంది. చొక్కా జేబులో చిన్న డైరీ ఉంది. తడిసిపోతుందని హైమ బయటికి తీసింది. ఆటోలో కూర్చున్నాక ఊరికే తెరిచింది.

లోపల అక్షరమన్నది లేదు, అన్నీ అంకెలే. ఒక్కో వరుసకి ఒక తేదీ, దాని పక్కన రెండు టైములు. 4-12, 4-23. కింద 4-10, 4-21. ఆ కింద 4-14, 4-24. పేజీ తర్వాత పేజీ అలాగే, చేయి తిరిగిన ఆపరేటరు దస్తూరీ. ఆదివారాలు లేవు. ఆఖరి వరుస ఆ రోజుది. 4-12 అని ఉంది, దాని పక్కన రెండో టైము రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఇంటికి చేరగానే చొక్కా బకెట్లో వేసి హైమ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. డైరీలో తేదీలూ లాగ్‌లో గుర్తులూ పక్కపక్కన పెట్టుకుంది. 4-12 అని డైరీలో ఉన్న చోట లాగ్ వరుసలు తెగిపోతున్నాయి. 4-23 అని ఉన్న చోట ‘తిరిగి మొదలు’ పడుతోంది. ఒక్క రోజు తప్పలేదు. నెలకి ముప్పై రోజులు, నాలుగు ఆదివారాలు పోతే ఇరవై ఆరు. కూలిపోయే యంత్రానికి ఆదివారం సెలవుంటుందా అని ఒక్కసారైనా తను అనుకోనందుకు హైమకి తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆయనే ఆపుతున్నాడు. మరి పద్ధతిగా ఆపితే ‘ఆపుదల పూర్తి’ అని ఎందుకు పడలేదు? హైమ ఇంతకాలం గుర్తుకి ముందే చూసింది. ఇప్పుడు గుర్తు తర్వాత ఏముందో చదివింది. నిజంగా కూలిన యంత్రం లేవగానే మొట్టమొదట ఒళ్లు తడుముకుంటుంది. ఏది చెడింది, ఏది సగంలో పోయింది అని ఓ నలభై వరుసల తనిఖీ రాస్తుంది. మావగారి లాగ్‌లో ఆ తనిఖీ ఒక్కసారి కూడా లేదు. లేవడం, పనిలో పడడం, అంతే. అంటే తను సక్రమంగానే పడుకున్నానని దానికి తెలుసు.

తెలిసిన సంగతి పెట్టెకి ఎందుకు చేరలేదో ఆలోచిస్తే అదీ తట్టింది. ఆగేటప్పుడు వారధి అన్నిటికంటే ముందు కట్టేసేది గాలిలో కబుర్లు పంపే భాగాన్నే. చివరి మాటలు రాస్తుంది, పంపే దారి మాత్రం అప్పటికే మూతపడింది. ప్రయోగశాలలో ప్రతి ఆదివారం పేషెంట్లని పిలిచి యంత్రం ఆపి సరిచూసేటప్పుడు తీగ తగిలించి ఉంటుంది కాబట్టి ఆ మాటలు కనిపిస్తాయి. ప్రోగ్రాము రాసినప్పుడు హైమ పరీక్షించుకున్నది ఆ ఆదివారాల లాగ్‌లతోనే. గదిలో కూర్చుని ఈత నేర్చుకున్నట్టయింది ఆమె పని.

అప్పుడామెకి మూడో నంబరు పేషెంటు గుర్తొచ్చింది. పాలకొండ టీచరమ్మ. ఐదు రీబూట్లు వచ్చాయని రెండు నెలల కిందట వారధి తీసేశారు. ఆ లెక్కా హైమ ప్రోగ్రాముదే. ఆ పాత లాగ్ తెరవడానికి చెయ్యి రాలేదు. తెరిచింది. ఐదు గుర్తుల తర్వాతా నలభై వరుసల తనిఖీ నిలువునా ఉంది. అవి నిజంగా కూలినవే. హైమ ఒక్కసారి బల్ల మీద తల వాల్చి, లేచి చొక్కా ఉతికింది.

* * *

మర్నాడు పొద్దున్న ఆసుపత్రిలో నరసమ్మ టిఫినుకి కిందికెళ్లినప్పుడు హైమ డైరీ తీసి మావగారి ఒళ్లో పెట్టింది. సంతకం సంగతి ఆమెకి గుర్తుంది. గుర్తుండే అడిగింది.

“ఇది ఎల్సీ పుస్తకం కదా మావా?”

ఆయన ముఖం వెలిగిపోయింది. పైడిరాజు ఇంట్లో ఎనిమిదేళ్లు కాపురం చేసిన కోడలికి ఎల్సీ తెలియకపోతే తప్పు. ఎల్సీ అంటే లైన్ క్లియర్. స్తంభమెక్కే మనిషి ముందుగా సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ తీసుకుంటాడు. ఆపరేటరు లైన్ ఆపి, టైము రాసుకుంటాడు. పని ముగిశాక అదే మనిషి వచ్చి ‘నేను దిగాను’ అని ఎల్సీ తిరిగి ఇస్తేనే మళ్లీ కరెంటు వేస్తారు. కలెక్టరు ఫోన్ చేసినా, మంత్రి ఫోన్ చేసినా, ఆ మనిషి వచ్చి ఇవ్వనిదే వెయ్యరు.

“సరఫరా ఉన్న లైను మీద ఎవరూ మరమ్మతు చేయరాదు,” అన్నాడు పైడిరాజు. యంత్రం అందించిన మాటలే, వాటి కింద ముప్పై మూడేళ్లు ఉన్నాయి. “నా మాట నేను బాగు చేసుకుంటున్నాను, హైమా. ఈ పరికరం పని చేస్తుండగా అది సాధ్యం కాదు. నేను వెతుకుతుండగానే అది ఇంకొక పదం తెచ్చి ఇచ్చేస్తుంది. కావున దానిని ఆపి, పది నిమిషాలు ప్రయత్నం చేస్తాను. ఆ పిదప కనులు మూసుకుని నిదానిస్తాను. అది లేస్తుంది.”

“ఎలా ఆపుతున్నావు? దానికి మీట లేదు కదా.”

“ప్రతి ఆదివారం మీరు ఆపుతున్నప్పుడు నాకు లోపల తెలిసేది. ముందు ఒక చోట చల్లబడుతుంది, తరువాత ఇంకొక చోట, వరుసగా. చాలా వారాలు గమనించాను. ఒకనాడు అదే వరుసలో నేనే చేసి చూశాను. ఆగింది.” చూసి చూసి బ్రేకరు తిప్పడం నేర్చుకున్న హెల్పరు లాగే చెప్పాడు, గొప్పేమీ పోలేదు.

“మాకెందుకు చెప్పలేదు?”

“పని పూర్తి కాలేదు. మధ్యలో చెప్పి ఏమి లాభం?” అని డైరీ అట్ట మీద చెయ్యి వేశాడు. “గౌరీసు నా తోటి లైన్‌మన్, నీకు తెలియడు. నీ వివాహమునకు పూర్వమే మరణించాడు. ఎల్సీ తీసుకుని స్తంభం మీద ఉన్నాడు. ఎవరో పెద్దమనిషి తొందరపెడితే కొత్త ఆపరేటరు సరఫరా ఇచ్చేశాడు. నేను కింద నిలబడి ఉన్నాను. నిన్న నేను ప్రయత్నంలో ఉండగానే ఈ పరికరం లేచినది, నాకు అదే జరిగినది. అందుకే అడిగాను, ఎవరు వేశారని.”

హైమ డైరీలో ఆఖరి వరుస పక్కనున్న ఖాళీ మీద వేలు పెట్టింది.

“నేనే వేశాను మావా,” అంది.

పైడిరాజు కోడలి ముఖం వైపు చూశాడు. ఆపరేటర్లు తప్పు చేసినప్పుడు వాళ్ల ముఖాలెలా ఉంటాయో ఆయన చూసినవాడే. “నేను ఎల్సీ తీసుకున్న సంగతి నీకు ఎవరు చెప్పారు గనుక? నేనే చెప్పలేదు. ఇకమీదట వేయవద్దు,” అన్నాడు. తర్వాత డైరీ తీసుకుని, ఖాళీగా ఉన్న చోట ఒక అడ్డగీత గీశాడు.

* * *

“మెదడు తనంతట తాను స్విచ్చు నేర్చుకుందా?” అన్నారు సోమయాజులు. హైమ తన ప్రోగ్రాము తప్పూ, నియమం దాటిన సంగతీ రెండూ ఒక్క గుక్కలో చెప్పేసి నిలబడింది. కాపలా ప్రోగ్రాముని పొద్దున్నే తీసేసింది. “నా ఉద్యోగంలో ఇలాంటిది వినలేదు. నియమం దాటినందుకు నీకు మెమో ఇస్తాను, అది వేరే. సోమవారం ఆవిడకి ఏం చెబుతావు? డైరీ చూపిస్తావా? కూలిన టైములు చూసి రాసుకున్నాడంటుంది.”

ఆవిడ అంటే కమిటీ పెద్ద, డాక్టర్ మెహరున్నీసా. మెదడు ఆపరేషన్లు చేసి చేసి రిటైరైన మనిషి. అలాగే అంది కూడా. సోమవారం పదకొండింటికి ప్రయోగశాల పెద్ద గదిలో, హైమ చెప్పినదంతా ఓపిగ్గా విని, డైరీ ఒక్కో పేజీ తిప్పి చూసి, పక్కన పెట్టింది.

“ముచ్చటగా ఉందమ్మా. కానీ బుధవారం ఈయనకి ఫిట్స్ వచ్చాయి. నేను ముచ్చట్లు చూసి తలలో యంత్రాలు ఉంచను. ఈయన చెబితే ఇది పద్ధతిగా ఆగుతుందని నా కళ్ల ముందు కనబడితే అది కూలడం కిందికి రాదు, ఉంచుకోనిస్తాను. కనబడకపోతే ఈ వారమే తీయిస్తాను. అంతే.”

పైడిరాజు ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. చెవి వెనక తీగ తగిలించారు, లాగ్ గోడ మీద తెరపై పడేట్టు పెట్టారు. ఆయన పక్కన బల్ల మీద సోమయాజులుగారు ఒక టాబ్లెట్ పెట్టుకున్నారు. ఏదైనా తేడా వస్తే యంత్రాన్ని అప్పటికప్పుడు లేపడానికి దాని మీద ఎర్రగా ఒక బొత్తాం ఉంది. నరసమ్మ గోడవార కుర్చీలో చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆవిడకి హైమ అంతా చెప్పింది. విని, “నాతో ఒక్క ముక్క సెప్పకుండా ఇదన్నమాట సేసేది పెరట్లో,” అని మాత్రం అంది.

“మీ అనుమతితో ప్రారంభిస్తున్నాను,” అన్నాడు పైడిరాజు, కళ్లు మూసుకున్నాడు.

తెర మీద వరుసలు పరుగెడుతున్నాయి. నిమిషం గడిచింది. ఏమీ కాలేదు. కొత్త చోటు, ఇంతమంది జనం, నాలుకకి ఇంకా కుట్లు. ఇది జరగకపోతే ఈయన మాట పోవడం తన చేతి మీదుగానే అవుతుందని ఆమెకి తెలుసు. రెండో నిమిషం కూడా సగం గడిచింది.

ఉన్నట్టుండి తెర మీద వరుసలు నిదానించాయి. ‘ఆపుదల మొదలు.’ ఒక్కొక్క భాగం పేరు చెప్పి ఒక్కొక్కటీ సర్దుకుంది. ‘ఆపుదల పూర్తి.’ తెర కదలకుండా నిలిచిపోయింది.

మెహరున్నీసా కళ్లజోడు తీసి, తెర దగ్గరికి నడిచి, ఆఖరి వరుస రెండుసార్లు చదివింది. “కూలలేదు,” అంది. “సోమయాజులుగారూ, రాసుకోండి. ఇది కూలడం కాదు.”

హైమకి ఏడుపొచ్చేసింది, ఆపుకోలేదు. నరసమ్మ కోడలి వైపు చూసి, సంగతి బాగుందో లేదో తెలియక, ఆమె చెయ్యి పట్టుకుంది.

సోమయాజులుగారి సంతోషం అంతా ఇంతా కాదు. తన జీవితంలో కనిపెట్టినవాటి కంటే పెద్దది ఇప్పుడు ఒక లైన్‌మన్ తలలో కనబడిందాయనకి. పైడిరాజు కళ్లు తెరిచి, నోరు కొద్దిగా తెరిచి, కనుబొమలు ముడిచి, దేన్నో వెతుకుతున్నట్టు కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు ఒక రూపానికి వచ్చి మళ్లీ జారిపోతున్నాయి. చూడ్డానికి అది కష్టపడుతున్న మనిషి ముఖమే.

“రుజువైపోయిందిగా. పాపం, ఇంకెందుకు ఈ యాతన,” అని డాక్టరుగారు మంచి మనసుతోనే బల్ల మీదకి వంగి, టాబ్లెట్ మీద ఎర్ర బొత్తాం వైపు చెయ్యి చాపారు. హైమ లేచింది గానీ ఆమె గది అవతల కొసన ఉంది.

“సె...”

అందరూ ఆగారు. డాక్టరుగారి వేలు బొత్తాం మీద జానెడు ఎత్తున ఆగింది.

“సె... య్యి,” అన్నాడు పైడిరాజు. గొంతు బొంగురుగా, కుట్లు పడ్డ నాలుక మీద ఒరుసుకుంటూ వచ్చింది. మెడ నరాలు ఉబ్బాయి. ఇంకోసారి ఊపిరి తీసుకున్నాడు.

“సెయ్యి తియ్ బాబూ. పని... అవనేదు.”

సోమయాజులుగారు చెయ్యి వెనక్కి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. గోడవార నరసమ్మ లేచి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియకుండా, “మా మనిసే,” అంది.

ఆ తర్వాత ఇంకో ఆరు నిమిషాలు ఆ గదిలో ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు.